ఎనిమిదో వారం గీత

మనుషులు అబద్ధమాడతారు గానీ వాళ్ల వేళ్లు ఆడవని డాక్టర్ హైమవతి నమ్మకం. ఆ నమ్మకాన్నే పట్టుకుని పదకొండేళ్లు తిండీ నిద్రా చూసుకోకుండా పనిచేసి, కాకినాడలోని తన పరిశోధనశాలలో ఒక యంత్రాన్ని నిలబెట్టింది. దానికి గర్భలేఖ అని పేరు పెట్టుకుంది. పేరు ఘనంగానే ఉంది గానీ, చూస్తే బేకరీలో రొట్టెలు కాల్చే పెట్టెకి చెల్లెలి వరస అవుతుంది.

“చెయ్యి లోపల పెట్టమ్మా, దేవికా. వేళ్లు విడదీసి ఉంచు. నొప్పేమీ ఉండదు,” అంది హైమవతి.

దేవికకి పదిహేడేళ్లు. తల్లి నూకరత్నంతో కలిసి చినగెడ్డపాలెం నుంచి పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చింది. పైపెదవి కనబడకుండా చున్నీ లాక్కుని కూర్చుంది. అక్కడ నూనూగు మీసం. నోరు విప్పితే మగగొంతు, అందుకని దేనికైనా తలే ఊపుతుంది. ఇంకా పెద్దమనిషి కాలేదు. ఆ ఊళ్లో అలాంటి ఆడపిల్లలు నలభై ముగ్గురు. మూడొందల గడపలు కూడా లేని పాలెంలో నలభై ముగ్గురంటే మాటలా!

“అంతా ఆ మందుల ఫ్యాక్టరీ నీళ్లేనండి హైమమ్మగారూ,” అంది నూకరత్నం. “గెడ్డలోకి వదిలేత్తన్నారు కదండి. చేపలు చచ్చిపోతన్నాయి, మా పిల్లలు ఇలాగైపోతన్నారు. మీ మిషను ఒక్క ముక్క చెబితే చాలండి, కోర్టులో ఆళ్ల సంగతి తేలిపోద్ది.”

హైమవతీ అదే అనుకుంటోంది. ఆమె పుట్టి పెరిగింది ఆ ఊరి నర్సు క్వార్టర్లోనే. తల్లి మాణిక్యాంబ ముప్ఫై ఏళ్లు అక్కడ నర్సుగా చేసి, రిటైరయ్యాక కూడా ఊరు వదల్లేక అక్కడే ఇల్లు కట్టుకుంది. నూకరత్నం, హైమవతి ఒకే బళ్లో చదువుకున్నారు. పాలెంలో జనం తలుపులు తీసింది డాక్టరు కోసం కాదు, నర్సమ్మగారి అమ్మాయి కోసం. ఈ పిల్లల సంగతి తేల్చి, ఇకముందు ఇంకో పిల్లకి ఇలా జరక్కుండా ఆపుతానని హైమవతి ఊరందరి ముందూ మాటిచ్చింది.

దేవిక చెయ్యి తెర మీద తెల్లగా కనిపించింది. ఉంగరపు వేలు చూపుడు వేలిని దాటి బాగా పైకి పోయింది. తల్లి కడుపులో వేళ్లు రూపు కట్టుకునే వారాల్లో మగ హార్మోను ఎక్కువగా తగిలితే ఉంగరపు వేలు సాగుతుందని, ఆడ హార్మోను ఎక్కువైతే చూపుడు వేలు సాగుతుందని చాలామంది చాలాకాలంగా అంటున్నదే. అయితే రెండు వేళ్ల పొడవు కొలిచి చెప్పేది ఉజ్జాయింపు మాటే. ఏ వారంలో తగిలింది, ఎంత తగిలింది అంటే ఆ కొలత నీళ్లు నమిలేది. ఎముక ఎంత పెరిగినా మొదట కట్టిన పొరలు లోపల చెక్కుచెదరకుండా ఉండిపోతాయని హైమవతి కనిపెట్టింది. ఆ పొరల్ని ఒక్కొక్కటే చదివి, ఎనిమిదో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కడుపులో ఏ రోజున ఏం జరిగిందో గీత గీసి చూపించడమే గర్భలేఖ పని.

నలభై ముగ్గురి చేతులూ చదవడం అయ్యేసరికి వారం పట్టింది. ఆఖరి రోజున టెక్నీషియన్ డేవిడ్ రాజు గీతలన్నీ బల్ల మీద పరిచి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి నిలబడ్డాడు. ఆయనకి రెండేళ్లలో రిటైర్‌మెంటు. దేన్ని చూసినా ఒక ఛలోక్తి వెయ్యకుండా ఉండలేడు.

“మేడం, ఫ్యాక్టరీ ఏడాదంతా నడుస్తుంది కదండీ?”

“నడుస్తుంది. ఏం?”

“మరి ఈ తల్లులకి మాత్రం మూడ్రోజులే నీళ్లొదిలినట్టుందండి. పంచాయతీ కుళాయి లాగ.”

హైమవతి వచ్చి చూసింది. ఊరంతా రోజూ తాగే గెడ్డ నీళ్లే కారణమైతే గీత మొదటి నుంచి చివరిదాకా కాస్త పైకి లేచి ఉండాలి. ఇక్కడ అలా లేదు. గీత ఎనిమిదో వారంలో ఒక్కసారిగా సూదిలా నిలువునా లేచింది, మూడు రోజులు అక్కడే నిలిచింది, మళ్లీ పడిపోయింది. ఆ తరవాత అంతా మామూలే. నలభై మూడు గీతలూ అలాగే ఉన్నాయి. ఈ పిల్లలందరూ ఒక ఏడాది పుట్టినవాళ్లు కూడా కాదు. ఒకామెకి ఇరవై, ఒకామెకి పద్నాలుగు. ఎవరు ఎప్పుడు కడుపులో పడినా సరిగ్గా ఎనిమిదో వారంలోనే, సరిగ్గా మూడు రోజులే. నీళ్లకి నెలలు లెక్కపెట్టడం తెలియదు. అది మనుషులకి తెలిసిన విద్య.

“తల్లుల్ని అడిగాం కదా, కడుపుతో ఉన్నప్పుడు ఏ మందులు వాడారని?” అంది హైమవతి.

“అడిగామండి. నలభై ముగ్గురూ ఒకటే మాట. ఏమీ లేదు అని. అంత ఖచ్చితంగా మా ఆవిడ కూడా చెప్పలేదండి, ఎప్పుడూ!”

యంత్రంలోనే ఏదో తేడా ఉండొచ్చు. ఆ ఊరితో సంబంధం లేని పిల్ల చెయ్యి ఒకటి పెట్టి చూస్తే తేలిపోతుంది. వెతుక్కోనక్కర్లేదు. హైమవతి కూతురు అమూల్య అప్పుడే కాలేజీ నుంచి వచ్చి, వరండాలో బూట్ల లేసులు కట్టుకుంటోంది. పదహారేళ్లు. జిల్లా పరుగుపందేల్లో రెండు కప్పులు కొట్టింది. పుట్టింది, పెరిగింది, నీళ్లు తాగింది అంతా కాకినాడలోనే.

“నాకు గ్రౌండుకి టైమైపోతోందమ్మా,” అని గొణుగుతూనే చెయ్యి పెట్టింది అమూల్య. “జాతకం కూడా చెబుతుందా నీ మిషను? పెళ్లెప్పుడో అడుగు.”

“ముందు కదలకుండా నిలబడు.”

డేవిడ్ రాజు నవ్వుతూ మీట నొక్కాడు. గీత తెర మీద మొదలైంది. చదునుగా రెండంగుళాలు సాగి, ఒక్కసారిగా నిలువునా లేచింది. మూడు రోజులు నిలిచి, పడిపోయింది.

“చూశారా మేడం, మిషనే తప్పు,” అన్నాడు డేవిడ్ రాజు, హమ్మయ్య అనుకుంటూ. “మన పాపకి ఎందుకుంటుందండి ఇది?”

హైమవతి కూతురి చెయ్యి పట్టుకుని బయటికి తీసి, వేళ్లు చూసింది. పదహారేళ్లుగా పట్టుకుని నడిపించిన చేతులవి. ఊరందరి వేళ్లూ కొలిచింది గానీ ఒక్కనాడూ వీటిని చూసిన పాపాన పోలేదు. అమూల్య కూడా ఇంకా పెద్దమనిషి కాలేదు. ఆటలాడే పిల్లలకి ఆలస్యమవుతుందిలే అని ఎవరో అంటే, సరే అనుకుని ఊరుకుంది. దీపం కింద చీకటంటే ఇదే. ఛీ, ఏం తల్లిని నేను, అనుకుంది హైమవతి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. పదిహేడేళ్ల కిందట తను రెండో నెల గర్భంతో, పీహెచ్‌డీ పని సగంలో వదిలి, వాంతులు భరించలేక పుట్టింటికి వెళ్లింది. మూడు రోజులు వరసగా తెల్లవారకముందే అమ్మ లేపి, గ్లాసుడు పాలు చేతికిచ్చింది. తూర్పు తిరిగి తాగెయ్, వేవిళ్లు తగ్గుతాయి, ఎవరితో చెప్పకు, అంది. హైమవతి కళ్లు కూడా సరిగా తెరవకుండా తాగేసి మళ్లీ పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం చినగెడ్డపాలెం వెళ్లేసరికి మాణిక్యాంబ వంటింటి గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని పనసపొట్టు కొడుతోంది.

“రావే, రా. చెప్పకుండా వచ్చావేం? చేతికి నూనె రాసుకుని కూర్చో, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి,” అంది.

“అమ్మా, అమూల్య కడుపులో ఉన్నప్పుడు మూడు రోజులు నాకు పాలల్లో ఏం కలిపిచ్చావు?”

మాణిక్యాంబ చెయ్యి ఆగింది. “ఎవరు చెప్పారే నీకు?”

“దాని వేళ్లు చెప్పాయి.”

మాణిక్యాంబ ఇక దాచి లాభం లేదనుకుందేమో, మామూలు గొంతుతోనే చెప్పింది. “మగబిడ్డ మందు. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. శివలింగి గింజల పొడి, మగదూడ ఉన్న ఆవు పాలు. రెండో నెల దాటకముందు మూడు పొద్దులు తాగాలి. తాగినట్టు కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు. బిడ్డ పుట్టాక కూడా చెప్పకూడదు. చెబితే ఆ పుట్టిన బిడ్డకే చేటని ఒట్టేయించుకునేదాన్ని.”

“గింజల పొడికి ఆ గీత రాదమ్మా. ఇంకేం కలిపావు?”

“గింజలు సగం మందికే పారేవి. సగం మందికి ఆడపిల్లలే పుట్టేవాళ్లు. నేను చదువుకున్న నర్సునే కదా, ఊరికే కూర్చోలేకపోయాను. మగబిడ్డ పుట్టాలంటే మగ హార్మోనే కదా కావాలి? టౌన్లో మందుల షాపులో ఆ మాత్రలు దొరికేవి. ఒక్కో పొద్దుకి రెండేసి నూరి కలిపేదాన్ని.”

ఏ మందూ తాగకపోయినా సగం మందికి మగపిల్లలే పుడతారని, ఆడో మగో అనేది కడుపు పండిన రోజునే తేలిపోతుందని, ఆ మాట తల్లికి ఎవరూ చెప్పలేదా? నర్సు పాఠాల్లో చెప్పే ఉంటారు. పాఠం ఒక చెవిన, అత్తగారి మాట ఒక చెవిన విని, రెండూ కలిపి నూరింది మాణిక్యాంబ.

“నలభై ముగ్గురమ్మా! నలభై ముగ్గురు ఆడపిల్లల బతుకు బుగ్గి చేశావు!”

“అరవకే! నేనేమైనా ఆశపడి చేశానా? ఓ కొబ్బరికాయ, ఓ జాకెట్టు ముక్క తప్ప ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. కాళ్ల మీద పడి అడిగేవాళ్లు. మూడో ఆడపిల్ల పుడితే నూతిలో దూకుతానంది ఒకత్తి. ఏం చెయ్యమంటావు?” మాణిక్యాంబ కళ్లు తుడుచుకోబోయి, చేతికి జిగురుందని ఆగింది. “నిన్ను కన్నప్పుడు మీ నాన్న తరఫువాళ్లు పదకొండు నెలలు నా గుమ్మం తొక్కలేదు. పాపని చూడటానికి కాదు కదా, చచ్చానో బతికానో కనుక్కోవడానిక్కూడా రాలేదు. నీకా గతి పట్టకూడదనుకున్నాను.”

“మా అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు.”

“అనకముందే జాగ్రత్తపడ్డానే తల్లీ.”

హైమవతికి ఏడవాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. కంచే చేను మేసిందని అందామంటే, ఈ కంచె చేను మీద ప్రేమతో మేసింది. దీన్ని ఏమని తిట్టాలి?

“అమూల్యకేం కాదు కదా? కప్పులు తెస్తోందిగా?” అని అడిగింది మాణిక్యాంబ.

“ఇంకా పెద్దమనిషి కాలేదు.”

మాణిక్యాంబ కత్తిపీట పక్కకి వాల్చేసింది. కూతురి మోకాలు పట్టుకుని, చిన్నపిల్లలా బతిమాలింది. “కోర్టుకిచ్చే రిపోర్టులో ఇది రాయకే. ఆ ఫ్యాక్టరీ ఎలాగూ పాపిష్టిదే కదా. దాని నెత్తిన ఇంకో పాపం వేస్తే ఏం పోయింది? ఊళ్లో ఎవరికీ తెలియదు. నేనిక ఎవరికీ ఇవ్వను, నీ మీదొట్టు. ఇచ్చి కూడా అయిదారేళ్లైంది.”

హైమవతి లేచి వచ్చేసింది.

వారం తిరక్కుండా స్కాను చేయించింది. అమూల్య అండాశయాలు ఎదగలేదని, బిడ్డలు పుట్టే ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. కారులో ఇంటికొస్తుంటే అమూల్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక హైమవతి అంతా చెప్పింది. దాచిపెట్టే ఓపిక కూడా లేకపోయింది ఆమెకి.

“అమ్మమ్మ నన్ను అబ్బాయిని చేద్దామనుకుందా?”

“అవును.”

“నువ్వు తాగావా?”

“తెలియక తాగానమ్మా.”

“ఆ కప్పులు కూడా నావి కావన్నమాట. ఆ మాత్రలవి,” అంది అమూల్య. హైమవతి దగ్గరికి తీసుకోబోతే విదిలించుకుంది. లోపలికి వెళ్లి తలుపేసుకుని, సాయంత్రానికి బయటికొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

“ఏం రాస్తావు రిపోర్టులో?”

“తెలియదు. రాస్తే అమ్మమ్మ జైలుకి పోతుంది.”

“రాయకపోతే ఇంకెవరైనా ఇస్తారు ఆ మందు. ఇంకెవరో తాగుతారు. రాయి అమ్మా. నలభై ముగ్గురని రాయకు. నన్ను కూడా కలిపి నలభై నలుగురని రాయి.”

హైమవతి అలాగే రాసింది. గీతలన్నీ జతచేసింది. మందు పేరు, ఇచ్చిన మనిషి పేరు, ఆ మనిషికి తను ఏమవుతుందో, అన్నీ రాసి సంతకం పెట్టింది.

ఆ తరవాత జరగాల్సినవి జరిగాయి. మాణిక్యాంబని పోలీసులు తీసుకెళ్లారు. బెయిలు మీద వచ్చి కాకినాడలో కూతురింట్లోనే ఉంది. గోడవైపు తిరిగి పడుకుని, పెట్టినప్పుడు తింటుంది. అమూల్య పరుగు మానేసింది. అమ్మమ్మ ఉన్న గదిలోకి వెళ్లదు. ఫ్యాక్టరీ మీద కేసు కొట్టేశారు, వాళ్లు గేటు దగ్గర మిఠాయిలు పంచుకున్నారు. గెడ్డలో చేపలు చస్తూనే ఉన్నాయి, అది వేరే సంగతి. పేపర్లు హైమవతి గీతని పెద్దదిగా అచ్చేశాయి. ‘మగబిడ్డ మందు కడుపులోకి చేరిన మాట వాస్తవమే’ అని ఒక పేపరు పతాకశీర్షిక పెట్టింది. చదివి హైమవతి తృప్తిపడింది కూడా. ఇల్లు కూలింది గానీ, ఇకముందు ఏ ఆడదీ ఆ గ్లాసు ఎత్తదు కదా అనుకుంది. ఆ ఒక్క మాటతోనే రోజులు నెట్టుకొచ్చింది.

నాలుగు నెలల తరవాత ఒక ఉదయం నూకరత్నం ల్యాబుకి వచ్చింది. వెంట పందొమ్మిదేళ్ల పిల్ల ఉంది. కొత్త పసుపుతాడు, కాస్త వడిలిన మొహం.

హైమవతి లేచి నిలబడింది. తిట్టడానికే వచ్చిందనుకుంది. తిడితే పడదామనే అనుకుంది. “నూకరత్నం, మా అమ్మ చేసిన దానికి నేను...”

“ఊరుకోండమ్మా. నర్సమ్మగారేం చేశారండి, పాపం. మేం అడిగాం, ఆవిడిచ్చారు. పోలీసోళ్లు తీసుకెళ్తంటే మేమందరం ఏడ్చాం.” నూకరత్నం పక్కనున్న పిల్లని ముందుకి జరిపింది. “మా పెద్దోడి పెళ్లాం అండి, సత్తెవతి. రెండో నెల. దీని పుట్టింట్లో అందరూ ఆడపిల్లలేనండి, అందుకని మాకు భయం.”

“అయితే?”

“మాకు ఇన్నాళ్లూ అనుమానంగానే ఉండేదండి, ఆ మందు ఉత్తుత్తిదేమోనని. దేవిక ఆడపిల్లే పుట్టింది కదండి మరి. మీ మిషను చెప్పాక తెలిసింది, లోపలికి బాగానే ఎక్కిందని. ఆ మీసం, ఆ గొంతు, ఆ వేళ్లు చూడండి. కూసింతలో తప్పిపోయింది గానీ మగోడే అయిపోయేవోడండి! మూడ్రోజులు చాల్లేదు. అదే అంటన్నారు అందరూ.”

“ఎవరు? ఎవరంటున్నారు?” హైమవతి గొంతు కీచుమంది. “నూకరత్నం, చెవులు పెట్టి విను. ఆ మందు ఎన్ని రోజులు తాగినా, ఎంత తాగినా ఆడపిల్ల మగపిల్లాడు కాదు. దేవికలా అవుతుంది. నా కూతురిలా అవుతుంది. అంతే! అర్థమైందా నీకు?”

“మీరు చదువుకున్నోరు, మీకలాగే ఉంటాదండి,” అంది నూకరత్నం సర్దిచెబుతూ. కోపమేమీ లేదు ఆమెలో. చేతిసంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. “టౌన్లో అమ్ముతన్నారండి. నర్సమ్మగారి మందే అన్నాడు. మీ గీత కూడా వేశాడు చూడండి. కానీ ఈ రోజుల్లో అన్నీ నకిలీవే కదండి. మీరైతే అబద్ధం చెప్పరు. ఇది అసలుదేనా కాదా, చూసి చెబుతారని వచ్చాం.”

కవరు మీద ఎర్రటి అక్షరాల కింద ఆ గీత ఉంది. ఎనిమిదో వారంలో సూదిలా లేచిన గీత. ‘శాస్త్రీయంగా నిరూపించబడినది’ అని, కింద డాక్టర్ హైమవతి పేరు కూడా ఉంది. అయిదు పొట్లాలు, అయిదు పొద్దులు అని రాసి ఉంది.

హైమవతి కవరు బోర్లించింది. ఒకే ఒక్క పొట్లం బల్ల మీద పడింది.

ఆమె తలెత్తి ఆ పిల్ల వైపు చూసింది. డాక్టరమ్మ ఎందుకు అలా అయిపోయిందో సత్తెవతికి అర్థం కాలేదు. ఊరడించడానికన్నట్టు మెల్లగా నవ్వింది.

“ఒక్క పొద్దూ మానలేదండి. రేపటితో అయిపోద్ది,” అంది.